ముందు బ్రేకులు, తర్వాతే హార్స్‌పవర్: ట్రాక్ డే మీద పాఠకుల ప్రశ్నలు

ట్రాక్ డే అంటే పోటీ లేకుండా సొంత బండిని రేస్ ట్రాక్‌లో నడిపే రోజు. అలా ట్రాక్ ఎక్కాలనుకునే పాఠకుల ఉత్తరాలు ఈ నెల చాలా వచ్చాయి. ఒకేలాంటివి కలిపేసి, పదింటికి జవాబులిస్తున్నాం.

ప్ర: నాది మాన్యువల్ పెట్రోల్ స్విఫ్ట్. హైవే మీద నూట నలభై, నూట యాభై అలవాటే. ట్రాక్ డేకి రేసింగ్ లైసెన్స్ కావాలా? మనకు దగ్గర్లో ట్రాక్ ఎక్కడుంది? (విజయవాడ)

జ: ముందు ఆ నూట యాభై సంగతి. తిన్నని రోడ్డు మీద అది కుడికాలి బరువు తప్ప మరేం కాదు. ట్రాక్‌లో అసలు పని నూట నలభై నుంచి అరవైకి దిగే ఆ మూడు సెకన్లలో ఉంటుంది. ఆ పని హైవే ఎవరికీ నేర్పదు.

మీకు దగ్గరిది చెన్నై పక్కన శ్రీపెరంబుదూర్ దగ్గరి ఇరుంగాట్టుకోట్టై. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల ట్రాక్, 1990లో మొదలైంది, పొడవు 3.717 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువే కాబట్టి వేగం తక్కువ, మలుపులు వెంటవెంటనే వస్తాయి, కొత్తవాళ్ల చేతికి మంచిది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ ఐదు కిలోమీటర్ల పైమాటే. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగింది అక్కడే. తొలిసారికే అంత పెద్ద ట్రాక్ వద్దు. మలుపులు గుర్తుండేలోపు సెషన్ అయిపోతుంది, పొడవాటి స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నని భాగం) చివర మామూలు కారు బ్రేకులు కాలిపోతాయి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ‘ఫార్ములా ఈ’ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది కదా అని కొందరు అడిగారు. అది ఆ పోటీ కోసం కట్టిన తాత్కాలిక సర్క్యూట్. ఇప్పుడక్కడ ఉన్నది సిగ్నళ్లున్న మామూలు రోడ్డే.

లైసెన్స్ విషయానికొస్తే, పోటీలో దిగాలంటే మన దేశపు మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ ఇచ్చే పోటీ లైసెన్స్ ఉండాలి. ట్రాక్ డేకి సాధారణంగా మీ డ్రైవింగ్ లైసెన్స్, ఏం జరిగినా బాధ్యత నాదే అని సంతకం పెట్టే ఇండెమ్నిటీ కాగితం చాలు. ట్రాక్ డేలో గెలుపోటములు లేవు. ముందు కారు చేత్తో సైగ చేస్తేనే, అదీ స్ట్రెయిట్ మీదే దాటాలి. శిక్షణ రోజైతే పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు. మొదటిసారి శిక్షణ రోజుకే వెళ్లండి. దానికి ముందు నాలుగైదు సార్లు గో-కార్టింగ్ చేస్తే మలుపు ఎటు తీసుకోవాలో, కళ్లు ఎక్కడ పెట్టాలో తక్కువ ఖర్చుతో తెలుస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు. మే నెల ఎండలో కారూ ఆగదు, మనిషీ ఆగడు. జనవరి, ఫిబ్రవరి హాయి.

ప్ర: ట్రాక్‌లో నాలుగో ల్యాప్‌కి బ్రేక్ పెడల్ మెత్తబడి సగం కిందికి వెళ్లిపోయింది. రెండు మూడుసార్లు కొడితే గానీ పట్టలేదు. గంట తర్వాత మళ్లీ బాగానే ఉంది. షెడ్డులో చూపిస్తే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడును బ్రేక్ ఆయిల్‌కి అందించే భాగం) మార్చాలంటున్నారు. నిజమేనా? (నెల్లూరు)

జ: తొందరపడి మార్చకండి. చల్లారాక పెడల్ చాలావరకు మామూలైందంటే మీ బ్రేక్ ఆయిల్ మరిగింది.

లెక్క చూడండి. డ్రైవరుతో కలిపి వెయ్యి కిలోల కారు 140 నుంచి 60కి దిగిందంటే బ్రేకుల్లోకి దాదాపు 617 కిలోజౌళ్ల వేడి వెళ్తుంది. రెండు లీటర్ల కుళాయి నీళ్లు మరగడానికి అంత వేడి కావాలి. గ్యాస్ పొయ్యి మీద పది నిమిషాల పని, మీ డిస్కులు మూడు సెకన్లలో చేస్తున్నాయి, ఒక ల్యాప్‌లోనే చాలాసార్లు. బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆ వేడిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. అది ప్యాడ్ వెనక పిస్టన్ గుండా ఆయిల్‌కి చేరుతుంది.

బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక అదే ప్రమాణం 155 డిగ్రీలు. డాట్ 3కి ఆ అంకెలు 205, 140, డాట్ 5.1కి 260, 180. మీది నెల్లూరు, సముద్రపు తేమ. రెండేళ్ల కిందట పోసిన ఆయిల్ అయితే మరగకపోతేనే ఆశ్చర్యం. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోతుంది, అందుకే పెడల్ మెత్తబడింది. చల్లారితే బుడగలు మళ్లీ ద్రవమవుతాయి. షెడ్డుకు వెళ్లేసరికి తప్పు దొరకదు, ఏదో ఒకటి మార్చాలి కాబట్టి మాస్టర్ సిలిండర్ పేరు వస్తుంది. దాన్ని పరీక్షించాలంటే బ్రేకులు చల్లగా ఉన్నప్పుడు, ఇంజిన్ ఆన్‌లో, కారు నిలబెట్టి పెడల్‌ని ఒకే బలంతో అరనిమిషం నొక్కి పట్టండి. బయట ఎక్కడా ఆయిల్ కారకుండా పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే అప్పుడు మాస్టర్ సిలిండర్‌ని అనుమానించవచ్చు.

మిగతా లక్షణాలూ చెప్తాం, ఒకదానికొకటి పొరబడకుండా. పెడల్ గట్టిగానే ఉండి, మాడిన వాసన వస్తూ, కారు మాత్రం ఆగకపోతే ప్యాడ్లు వాటి వేడి హద్దు దాటాయి. ఆయిల్ మారిస్తే అది తగ్గదు, ప్యాడ్ రకం మార్చాలి. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుంటే అందరూ ‘డిస్క్ వంకరపోయింది’ అంటారు. చాలాసార్లు వంకర ఉండదు, కాలిన డిస్క్ మీద ప్యాడ్ పదార్థం ఒకచోట అంటుకుని ఉంటుంది. మలుపు అంచున ఎత్తుగా ఉండే కెర్బ్ ఎక్కి దిగిన వెంటనే ఒక్కసారి మాత్రం పెడల్ లోతుకు వెళ్లి, రెండో తొక్కుకు గట్టిపడితే వీల్ బేరింగ్ వదులైందేమో చూడండి.

ఇప్పుడు చేయించాల్సింది: సీలు తీయని డాట్ 4 డబ్బా, ఒక లీటరు. పాతదంతా తీసి కొత్తది పోసి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ గొట్టాల్లోని గాలి తీయించండి. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మన కుడి స్టీరింగ్ కార్లలో అది వెనక ఎడమ. కొన్ని మోడళ్లకు వరుస వేరు, సర్వీస్ మాన్యువల్ మాటే వినండి. పని జరుగుతుండగా పైన డబ్బాలో ఆయిల్ మిన్ గీత కిందికి దిగితే గాలి లోపలికి పోయి మళ్లీ మొదటికొస్తుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది. డాట్ 5 అని సిలికాన్ రకం ఒకటుంది. 5.1కి తమ్ముడనుకుని పోస్తే కొంప మునుగుతుంది, రెండూ కలవవు.

ప్యాడ్ మందం ఆరు మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే ట్రాక్‌కి వెళ్లొద్దు. పలచని ప్యాడ్ వేడిని ఆపలేదు, తిన్నగా ఆయిల్‌కి పంపేస్తుంది. తోలే పద్ధతిలోనూ ఒక మార్పు: దూరం నుంచే కాలు ఆనించి రుద్దకండి. తిన్నగా ఉన్నప్పుడు గట్టిగా, తక్కువ సేపు తొక్కి వదిలేయండి. మూడు నాలుగు గట్టి ల్యాపుల తర్వాత ఒక చల్లార్పు ల్యాప్. అందులో వీలైనంత వరకు బ్రేక్ ముట్టుకోవద్దు. పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి) వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, గేర్‌లో ఉంచి చక్రానికి ఒక రాయో చెక్కో అడ్డం పెట్టండి. కాలుతున్న డ్రమ్ముకు షూ అతుక్కుంటుంది.

ప్ర: ట్రాక్‌కి టైర్లలో గాలి ఎంత ఉండాలి? ఒకరు 28 అంటారు, ఇంకొకరు 40 అంటారు. నైట్రోజన్ కొట్టిస్తే మేలా? (కరీంనగర్)

జ: ఇద్దరూ ఒక మాట వదిలేశారు: టైరు చల్లగా ఉన్నప్పుడా, కాలినప్పుడా? 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ ఉన్న టైరు 70 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 39 చూపిస్తుంది. ట్రాక్‌లో లెక్కలోకి వచ్చేది ఆ రెండో అంకె.

మొదటి సెషన్‌కి డోర్ పక్కన స్టిక్కర్ మీద రాసినంతే పట్టించండి. బయటికి రాగానే, టైరు చల్లారకముందే, మీ సొంత గేజ్‌తో కొలవండి. బంకుల్లో గేజ్‌లు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. మామూలు రోడ్డు టైర్లున్న చిన్న కారుకు వేడి మీద ముందు చక్రాలు 36 నుంచి 38 మధ్య ఉంటే మంచి మొదలు. ఎక్కువుంటే అక్కడికి దించండి. మరీ తగ్గిస్తే మలుపులో టైరు పక్కగోడ మడతపడి నేలకు రాసుకుంటుంది. అది కనిపెట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు, స్కూలు బూట్లకు రాసే తెల్ల పాలిష్ చాలు. టైరు భుజం మీద మూడుచోట్ల అడ్డగీతలు గీయండి. భుజం దగ్గర చిన్న త్రికోణం గుర్తుంటుంది. గీత ఆ త్రికోణం దాటి కిందికి చెరిగితే గాలి తక్కువ, అక్కడిదాకా చెరగకపోతే ఎక్కువ.

నైట్రోజన్ వాయువూ వేడికి అంతే పెరుగుతుంది. దాని లాభమల్లా తేమ లేకపోవడం. డబ్బు పెట్టాలనిపిస్తే మంచి గేజ్ కొనుక్కోండి.

టైరు మీద చివరి నాలుగంకెలు తయారీ వారం, సంవత్సరం. 1824 అంటే 2024లో 18వ వారం. ఆరేళ్లు దాటిన రబ్బరు బాగా కనిపించినా గట్టిపడి ఉంటుంది. సరికొత్త టైర్లూ తేవద్దు. ఎనిమిది మిల్లీమీటర్ల లోతు గాడుల దిమ్మెలు మెలిపడి, వేడెక్కి, ముక్కలు ముక్కలుగా ఊడతాయి. సగం అరిగినవే ట్రాక్‌కి నయం, వాన లేనంతవరకు.

ప్ర: బైక్ హెల్మెట్ కారు ట్రాక్ డేకి పనికొస్తుందా? (గుంటూరు)

జ: నిర్వాహకుల్ని బట్టి. హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ ముద్రల్లో కార్ల కోసం పరీక్షించినవి స్నెల్ ఎస్‌ఏ రకం. నిప్పుకు, రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే ఇనుప చట్రం) కడ్డీకి పదేపదే తగలడానికి వాటికి వేరే పరీక్షలున్నాయి. స్నెల్ ఎమ్ బైకులది, ఆ రెండూ అందులో ఉండవు. మామూలు కారు మొదటి రోజుకి చాలాచోట్ల ఫుల్ ఫేస్ బైక్ హెల్మెట్ ఒప్పుకుంటారు, ముందే అడగండి. నూలు బట్టలు, పలచని అడుగున్న బూట్లు వేసుకోండి. నైలాన్ చొక్కా నిప్పుకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. చెప్పులతో వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

ప్ర: మా అబ్బాయి ట్రాక్ డే అంటున్నాడు. కారు వాళ్ల నాన్నగారి పేరు మీద ఉంది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ ఇస్తుందా? (రాజమహేంద్రవరం)

జ: కారుకు ఇవ్వదనే అనుకోండి అమ్మా. మన ప్రైవేటు కారు పాలసీల్లో వాడకానికి హద్దులు రాసిన పేరా ఒకటుంటుంది. నిర్వహించే రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వర్తించదని అందులో ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీ డబ్బుతో చేయాల్సి వస్తుంది. బాబు ఆరోగ్య బీమాలో సాహస క్రీడల మినహాయింపు ఉందేమో కూడా చదవండి. కారు వాళ్ల నాన్నగారిది కాబట్టి పోతే పోయిందనుకోగలమా అన్న లెక్క ఆయన వేసుకున్నాకే తాళాలు ఇవ్వడం మంచిది.

నిర్వాహకుల్ని మాత్రం నాలుగు ప్రశ్నలు అడగమనండి. అంబులెన్స్, డాక్టరు రోజంతా ఉంటారా? మలుపుల దగ్గర జెండాలతో, మంటలార్పే సిలిండర్లతో మార్షల్స్ ఉంటారా? కొత్తవాళ్లను వేరే గుంపుగా వదులుతారా? పొద్దున బ్రీఫింగ్ తప్పనిసరా? ఒక్కదానికి నసిగినా వద్దనండి. ఆ నాలుగూ ఉన్నచోటికి అబ్బాయి వెళ్తానంటే పంపండి. రాత్రిపూట రింగ్ రోడ్డు మీద స్నేహితులతో పందెం వేయడం కన్నా అది వెయ్యిరెట్లు నయం. పైగా బయటి రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

ప్ర: వేగంగా ఉన్న మలుపులో ‘ఎక్కువైంది’ అనిపించి యాక్సిలరేటర్ వదిలేశాను. కారు వెనక భాగం తిరిగిపోయి గడ్డిలో ఆగింది. వేగం తగ్గిస్తే స్పిన్ ఎందుకైంది? (విశాఖపట్నం)

జ: తగ్గించిన చోటు తప్పు. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో బరువు మామూలుగానే ముందు ఎక్కువ. మలుపు మధ్యలో కాలు ఠక్కున తీస్తే ఇంకొంత ముందుకు వాలుతుంది. ముందు టైర్లు గట్టిగా పట్టుకుంటాయి, వెనకవి తేలికై పట్టు వదిలేస్తాయి, స్టీరింగ్ అప్పటికే తిప్పి ఉంది. ఇక తిరగక ఏం చేస్తుంది?

అసలు తప్పు దానికి ముందే, బ్రేక్ వేసే దగ్గర జరిగింది. 60 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును మంచి రోడ్డు టైర్లు సుమారు 83 కిలోమీటర్ల వేగంతో మోయగలవనుకుందాం. మీరు 88తో వచ్చారంటే టైర్లను 12 శాతం ఎక్కువ పట్టు అడిగినట్టు. లేని పట్టు ఎక్కడినుంచి వస్తుంది?

అందుకే బ్రేక్ పని స్టీరింగ్ తిప్పకముందే, కారు తిన్నగా ఉండగానే పూర్తవ్వాలి. ట్రాక్ పక్కన 150, 100, 50 బోర్డులుంటే మొదటి సెషన్‌లో 150 దగ్గరే తొక్కండి. మలుపుకి ముందే వేగం తగ్గి విసుగేస్తే మంచిదే, తర్వాతి ల్యాప్‌లో పది మీటర్లు జరపండి. గేర్ కూడా బ్రేక్ వేస్తుండగానే మార్చేయాలి, మలుపులో రెండు చేతులూ స్టీరింగ్ మీద తొమ్మిది, మూడు గంటల దగ్గరే ఉండాలి. మలుపు లోపలి అంచును, అంటే అపెక్స్‌ను, కొంచెం ఆలస్యంగా తాకండి. తొందరగా తాకితే బయటికొచ్చే చోట రోడ్డు చాలదు. స్టీరింగ్ తిప్పే క్షణానికి మీ కళ్లు అపెక్స్ మీద, అపెక్స్ చేరేలోపు బయటికొచ్చే అంచు మీద ఉండాలి. చూసిన వైపే చేతులు పోతాయి, గోడను చూస్తే గోడకే.

లోపలికి వచ్చాక వేగం కొంచెం ఎక్కువైందనిపిస్తే కాలు పూర్తిగా తీయకండి, అంగుళంలో పావు వంతు వదలండి. అయినా వెనక భాగం జారితే వెళ్లాల్సిన వైపు చూస్తూ స్టీరింగ్ అటు తిప్పండి. ఇక చేయి దాటిందనిపిస్తే క్లచ్, బ్రేక్ రెండూ అడుగంటా తొక్కి కారు ఆగేదాకా వదలకండి. అప్పుడు కారు ఎటు జారుతుందో వెనక వచ్చేవాళ్లు అంచనా వేయగలరు. ఆగాక మార్షల్ సైగ చేసేదాకా ట్రాక్‌లోకి రావద్దు.

ఇంకొకటి, దీనివల్లే పెద్ద దెబ్బలు తగులుతాయి. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు రెండు చక్రాలు మట్టిలోకి దిగితే స్టీరింగ్ లాగి పైకి ఎక్కించకండి. మట్టిలోని టైరు తారు అంచు ఎక్కగానే ఒక్కసారిగా పట్టి, కారును ట్రాక్ అవతలి గోడకు విసిరేస్తుంది. తిన్నగా పోనివ్వండి, వేగం తగ్గాక మెల్లగా ఎక్కండి. ఈఎస్‌పీ (కారు జారకుండా తనంతట తానే సర్దే ఏర్పాటు) ఆపే మీట జోలికి మొదటి ఏడాది పోవద్దు.

ప్ర: క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చే ఏఎమ్‌టీ కారు సరిపోతుందా? (నిజామాబాద్)

జ: నేర్చుకోవడానికి సరిపోతుంది. మాన్యువల్ మోడ్‌లో పెట్టి, మలుపుకి ముందే గేర్ దించుకోండి. దానంతటికి అది మలుపు మధ్యలో గేర్ మారిస్తే బరువు అటూ ఇటూ ఊగుతుంది. సీవీటీ (బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే కొన్ని ల్యాపులకే వేడి హెచ్చరిక రావచ్చు, వస్తే వెంటనే లోపలికి వచ్చేయండి.

ప్ర: నాది డ్యూక్ 390. బైకుకి ఏం చేయాలి? (తిరుపతి)

జ: మీకు ఇరుంగాట్టుకోట్టై మూడు గంటలలోపే, అదృష్టవంతులు. అద్దాలు, నంబర్ ప్లేట్ విప్పేయండి, లైట్లకు టేప్ అతికించండి. పడితే గాజు ముక్కలు ట్రాక్ మీద చల్లకుండా. రేడియేటర్‌లో కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోయమని కొందరు నిర్వాహకులు అడుగుతారు. కూలెంట్ నేలమీద ఒలికితే నూనెలా జారుతుంది, కడిగినా తొందరగా పోదు. ఒకే ముక్క లెదర్ సూట్ గానీ నడుం చుట్టూ జిప్ కలిసే రెండు ముక్కలది గానీ, వెన్ను ప్రొటెక్టర్, మణికట్టు దాటే గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు ఉండాలి. కొనేముందు అద్దెకు దొరుకుతాయేమో కనుక్కోండి. మొదటి రెండు ల్యాపులు టైర్లు చల్లగా ఉంటాయి, వాలకండి.

1980లో కీత్ కోడ్ మొదలుపెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ ఇదే ట్రాక్‌లో చాలాసార్లు తరగతులు పెట్టింది. అక్కడి మొదటి పాఠం వంగడం కాదు, మలుపులో యాక్సిలరేటర్ ఎలా తిప్పాలన్నది.

ప్ర: మేము డల్లాస్‌లో ఉంటాం. టెస్లా మోడల్ 3తో ట్రాక్‌కి వెళ్లొచ్చా? (టెక్సస్)

జ: వెళ్లొచ్చు. అక్కడ ఈ శిక్షణను హెచ్‌పీడీఈ (హై పెర్ఫార్మెన్స్ డ్రైవర్ ఎడ్యుకేషన్) అంటారు. నాసా అన్న మోటార్ స్పోర్ట్ సంఘం (రాకెట్ల నాసా కాదు) హెచ్‌పీడీఈ 1లో పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెడుతుంది. ఎస్‌సీసీఏ అన్న ఇంకో కార్ల క్లబ్ వాళ్ల ట్రాక్ నైట్‌లో ఇన్‌స్ట్రక్టర్ కారెక్కరు. కాబట్టి మీకు మొదటిదే ముందు. ట్రాక్ కూడా ఫోర్ట్‌వర్త్ దగ్గరి క్రెసన్‌లోదే ముందు, ఆస్టిన్‌లోని ఐదున్నర కిలోమీటర్ల, ఇరవై మలుపుల సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ (కోటా) తర్వాత.

మీ కారు ఇబ్బందులు మూడు. బరువు 1,800 కిలోల దరిదాపు, కాబట్టి పైన చెప్పిన వెయ్యి కిలోల కారు లెక్కకు దాదాపు రెట్టింపు వేడి. రీజెన్ (కాలు తీస్తే మోటారే వేగం తగ్గిస్తూ బ్యాటరీని నింపడం) సగం పని చేస్తుందనుకోవద్దు, బ్యాటరీ నిండుగా ఉన్నా బాగా కాలినా అది తగ్గిపోతుంది, భారమంతా మామూలు ప్యాడ్ల మీద పడుతుంది. ప్యాడ్లు, ఆయిల్ మార్చకుండా వెళ్లొద్దు. రెండోది, ట్రాక్‌లో కరెంటు రోడ్డు మీదకన్నా మూడు నాలుగు రెట్లు తింటుంది, పిట్‌లో చార్జింగ్ ఉందో లేదో ముందే కనుక్కోండి. మూడోది అలవాటు: ఒకే పెడల్‌తో నడిపేవాళ్లు మలుపులో కాలు తీస్తే రీజెన్ బ్రేక్ పడుతుంది. విశాఖ పాఠకుడికి జరిగిందే మీకూ జరుగుతుంది, ఇంకా గట్టిగా.

ప్ర: ట్రాక్‌లో నడిపిన కారులోనే రాత్రికి ఇంటికి తిరిగి రావాలి. ఏం చూసుకోవాలి? (ఖమ్మం)

జ: రాత్రికి రావద్దు. రోజంతా ఎండలో హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఆరువందల కిలోమీటర్లు నడపకూడదు. అక్కడే పడుకుని పొద్దున బయల్దేరండి. చల్లారిన టైర్లకు స్టిక్కర్ మీద ఉన్నంత గాలి తిరిగి పట్టించండి. ట్రాక్‌లో దించినది మర్చిపోయి హైవే ఎక్కడం మామూలు తప్పు. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో చూడండి, అంకె మీ మాన్యువల్‌లో ఉంటుంది. చాలా చిన్న కార్లకు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య. పైపు తొడిగి ఒళ్లంతా బలం పెట్టి బిగిస్తే స్టడ్డు సాగుతుంది. టైరు పక్కగోడల్లో బుడిపెలు, లోపలి అంచున దారాలు బయటపడ్డాయేమో టార్చి వేసి చూడండి. ఇంజిన్ ఆయిల్ గీత, ప్యాడ్ మందం చూశాక పెడల్ ఒకసారి తొక్కండి. నిన్నటి ఎత్తులో, నిన్నటి గట్టిదనంతో లేకపోతే కారును ట్రక్కు ఎక్కించి పంపండి, మీరు రైల్లో రండి.